జాక్ నార్‌వర్త్ పాట షీటు తొలి ముద్రణేనా? తేల్చడమెలా?

వాడవిల్ (పాటలు, హాస్యం కలిసిన అమెరికా రంగస్థల వినోదం) కాలం రచయిత జాక్ నార్‌వర్త్ 1908లో రాసిన బేస్‌బాల్ పాట 'టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్' షీట్ మ్యూజిక్ (స్వరాలతో అచ్చేసిన పాట) ప్రతి ఇది. బాణీ ఆల్బర్ట్ వాన్ టిల్జర్‌ది, ప్రచురణ యార్క్ మ్యూజిక్ కంపెనీ. ఏ ముద్రణో గుర్తుపట్టగలవాళ్లు దయచేసి సాయం చేయండి.

మొదటి చరణంలో కేటీ కేసీ పేరు ఉంది. 1927లో నార్‌వర్త్ చరణాలు తిరగరాసి నెల్లీ కెల్లీ అని పెట్టాడు, కాబట్టి ఇది పాత పాఠమే. కానీ కాపీరైట్ లైనులో 1908 అని ఉంటే చాలదు. మళ్లీ అచ్చేసినా ఆ లైను అలాగే ఉండేది.

కొలతతో తేలుద్దామంటే అదీ చిక్కే. మొదటి ప్రపంచ యుద్ధం దాకా షీట్లు సుమారు 13.5 × 10.5 అంగుళాలు, ఆ తర్వాత 12 × 9. ఈ ప్రతి ఎత్తు 12.5. పియానో బెంచీలో పట్టేలా పాత షీట్ల అంచులు కత్తిరించేసేవాళ్లు. దీని కుడి అంచు స్వరాలను దాదాపు ఆనుకుని ఉంది, ముఖచిత్రం మీద ఒక అక్షరం సగానికి తెగింది. పెద్ద షీటునే కోశారని నా నమ్మకం.

ముఖచిత్రం మీది గాయని ఫొటో ఆధారం కాదు, ఒకే పాటకు వేర్వేరు గాయకుల ఫొటోలతో ముఖచిత్రాలు వేసేవారు. ఇక మిగిలింది వెనక అట్ట మీది వేరే పాటల ప్రకటనలు. అందులో అన్నిటికన్నా కొత్త పాట ఏడాదికి ముందు ఇది అచ్చయి ఉండదు. యార్క్ కంపెనీ చిరునామా ఏ ఏడాది ఎక్కడ ఉండేదో, ఆ ప్రకటనల పాటల తేదీలు ఎలా పట్టుకోవాలో చెప్పగలరా? వెన్ను మీద పసుపెక్కిన టేపు ఉంది, దాన్ని ముట్టుకోలేదు. లాగితే కాగితం పొర లేచొస్తుంది.