ఇటలీ ప్రయాణం: సరస్సు ఒడ్డున దిగాలా, మిలాన్‌లోనే ఉండాలా?

హనుమకొండ సారు
జూన్‌లో నేనూ మా ఆవిడా పది రోజులు ఇటలీకి వెళ్తున్నాము. మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగు రాత్రులు మిలాన్‌లో ఉండి, మిగిలిన ఆరు రాత్రులకు కోమో సరస్సు ఒడ్డున వరెన్నా అనే ఊళ్లో గది తీసుకుందామని వాడు అంటున్నాడు. మిలాన్‌లోనే ఉండి రోజూ రైల్లో వెళ్లి రావచ్చు కదా అని నా అభిప్రాయం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి. వెళ్లి వచ్చినవారు సలహా ఇవ్వగలరు.

పాకాల కట్ట
మిలాన్‌లోనే ఉండండి సార్. సెంట్రల్ స్టేషన్ నుంచి వరెన్నాకు నేరుగా రైలుంది, సుమారు గంట ప్రయాణం. కొండ మీద పాత పట్నం ఉన్న బెర్గామో, గార్డా సరస్సు ఒడ్డున దెసెంజానో, ఆ పైన వెరోనా, అన్నీ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగే దూరంలోనే ఉన్నాయి. ఒడ్డున దిగితే ఏమవుతుందో నేను అనుభవించాను. ఆ ఊళ్లు కొండవాలుకు అతుక్కుని ఉంటాయి, సందులంటే రాతి మెట్లే. మా గది చేరడానికి తొంభై నాలుగు మెట్లెక్కాను, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో సకినాల డబ్బా.

ఓరుగల్లు ఆడపడుచు
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. మేము ఒక టూరు బస్సులో మిలాన్ నుంచి పొద్దున బయలుదేరి వెళ్లాము. సరస్సు దగ్గర దింపింది నలభై నిమిషాలు, అందులో సగం మరుగుదొడ్డి వరుసలోనే గడిచింది. పడవ ఎక్కకముందే డ్రైవర్ హారన్ కొట్టాడు. మధ్యాహ్నం కోమో చూడటమంటే జాతర రోజు మేడారం చూసి అడవిని చూశామనుకోవడమే. పగటి జనం రైళ్లలో తిరిగి వెళ్లిన తర్వాతే ఆ నీళ్లు మనవవుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురుంటుంది కాబట్టి, సాయంత్రం వరెన్నా నుంచి బెల్లాజియోకు పావుగంటలో పడవలో వెళ్లి, తీరికగా తిరిగి రావచ్చు.

జమ్మికుంట శాకాహారి
ఎక్కడ దిగినా అన్నం సంగతి చూసుకోండి. రిసొట్టో అనే అక్కడి అన్నం వంటకాన్ని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. పర్మెజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం కలుస్తుంది.

పాకాల కట్ట
ఆరు రోజులు నీళ్లు చూస్తూ కూర్చోవడానికి మనకు లక్నవరం లేదా, రామప్ప లేదా?

ఓరుగల్లు ఆడపడుచు
రామప్ప మనుషులు కట్టిన చెరువు సారూ. కోమో మంచు నదులు చెక్కిన లోయ, లోతు నాలుగు వందల మీటర్ల పైమాటే. దానికి కట్ట ఎక్కడిది, మత్తడి ఎక్కడిది?

పాకాల కట్ట
ఉన్నాయమ్మా. నేను ముప్పై ఏళ్లు తూముల మధ్యే ఉద్యోగం చేసినవాడిని. అద్దా నది పైనుంచి కోమోలోకి వచ్చి లెక్కో దగ్గర బయటికి పోతుంది. దాని దిగువన ఓల్జినాటే దగ్గర ఆనకట్ట ఉంది, 1946 నుంచి సరస్సు మట్టాన్ని దానితోనే అదుపు చేస్తున్నారు. కింది పొలాలకు నీళ్లు వదలాలని రైతులు, మట్టం తగ్గించవద్దని ఒడ్డువాళ్లు. మన ఆయకట్టు తగాదాకూ దానికీ తేడా ఏమీ లేదు.

ఓరుగల్లు ఆడపడుచు
సార్ అడిగింది గది గురించి, మీరు చెబుతున్నది గేట్ల గురించి. తొంభై నాలుగు మెట్లు లెక్కపెట్టారు కానీ, పైకెక్కాక ఏమి కనిపించిందో ఒక్క ముక్క రాయలేదు.

పాకాల కట్ట
రాయలేదు, ఎందుకంటే నేను చూడలేదు. మా అమ్మాయి ఉద్యోగం మిలాన్‌లో. మమ్మల్ని ఆ గదిలో దింపి, ఆదివారం వస్తానని చెప్పి సాయంత్రం రైలుకే వెళ్లిపోయింది. పదకొండు రోజుల్లో ఆమెతో కలిసి తిన్నది మూడు పూటలు. కిటికీ బయట ఎంత అందం ఉంటే నాకేమిటి? మేము వెళ్లింది సరస్సు కోసం కాదు.

ఓరుగల్లు ఆడపడుచు
ఈ మాట మొదటే రాసి ఉంటే నేను అంత కటువుగా అనేదాన్ని కాదు. అయినా నా అభిప్రాయం మారలేదు, ఎందుకంటే నేను మీ అమ్మాయి వైపు మనిషిని. మా అమ్మానాన్నలు నా దగ్గరికి పుణె వచ్చి వారం రోజులు తాళం తీసే చప్పుడు కోసం సోఫాలో కూర్చున్నారు. ఆ వారమంతా ఆఫీసులో నేను తప్పు చేసినదానిలా గడియారం చూసుకున్నాను. పగలు వాళ్లు ఏదో ఒకటి చూస్తూ సంతోషంగా ఉన్నారని తెలిస్తే, సాయంత్రం ఇంటికి వెళ్లడానికి భయముండదు.

హనుమకొండ సారు
మీ ఇద్దరి మాటలూ మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె నన్ను అడగకుండా అబ్బాయికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. వాడు ఇంకో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాడట. ఆ గది మాకు చూపించడం ఇష్టం లేకనే వరెన్నా మాట ఎత్తాడు. ఆ మాట నాతో వాడు చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. ఇప్పుడు మిలాన్‌లో ఆరు రాత్రులకు వాడి ఇంటి దగ్గరే వేరే గది, వరెన్నాలో శుక్రవారం నుంచి నాలుగు రాత్రులకు స్టేషన్‌కు దగ్గరగా, మెట్లు లేని చోట గది చూస్తున్నాడు. శుక్రవారం ఆఫీసు వదలగానే రైలెక్కి చీకటి పడకముందే వస్తానన్నాడు. వాడి గది చూసే తీరుతానని మా ఆవిడ అంటోంది.

పాకాల కట్ట
తప్పకుండా చూడనివ్వండి. కాగితం టికెట్టు కొంటే రైలెక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించడం మరవకండి, మేము మరచి జరిమానా కట్టాము. సకినాల డబ్బా మాత్రం ఆ ముగ్గురు పిల్లల గదిలోనే దించండి.