ప్రక్కలోనా, ప్రక్కనా?

మునిమాపు: ఒక వాక్యం కొన్నాళ్లుగా వెంటాడుతోంది. యోహాను సువార్తలో, తిరిగి లేచిన ప్రభువు, గాయాలు ముట్టుకుంటేనే గాని నమ్మనన్న శిష్యుడు తోమాతో అన్నది. "నీ వ్రేలు చాచి నా ప్రక్కలో ఉంచుము" అని నా నోట ఆడుతోంది. పాత తెలుగు బైబిలు అనువాదంలో ఇలాగే ఉందా? అడగడానికి కారణం ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో వేసిన తోమా చిత్రం. 1601–02 నాటిది, పోట్స్‌డామ్‌లోని సాన్‌సూసీ చిత్రశాలలో ఉంది. నేను అచ్చులోనే చూశాను. తోమా చూపుడువేలు ప్రభువు డొక్కలోని ఈటె గాయంలోకి దిగి, పైచర్మం ముడతపడి లేచి ఉంటుంది. మొదట చూపు తిప్పుకున్నాను. తరువాత ఆ పుట తెరిచి పెట్టుకునే ప్రార్థించాను. ఆ "లో" నిజంగా "లోపల" అనేనా?

అరసున్న: మీ నోట ఆడుతున్న వాక్యం గ్రంథంలో లేదండీ. 20వ అధ్యాయం 27వ వచనం (20:27) ఇది: "నీ వ్రేలు ఇటు చాచి నా చేతులు చూడుము, నీ చెయ్యి చాచి నా ప్రక్కలో ఉంచి, అవిశ్వాసివి కాక విశ్వాసివై యుండుము". వేలు మేకుల గురుతులకు, చెయ్యి ప్రక్కకు. అంతకుముందు తోమా పెట్టిన షరతులోనూ (20:25) ఇదే పంపకం. వేలిని ప్రక్కలోకి పంపినవాడు కరవాజ్జో. మీకు కంఠస్థమైంది ఆయన పాఠం!

పాఠభేది: అరసున్న గారు వేలు దగ్గరే ఆగిపోయారు. తగవంతా "లో" దగ్గర ఉంది. అదే సువార్తలో ఈటె పోటు చూడండి: "ఆయన ప్రక్కను పొడిచెను" (19:34). శిష్యులకు కనబడినప్పుడు: "తన చేతులను ప్రక్కను చూపగా" (20:20). రెండు చోట్లా "ను". తోమా దగ్గరికి వచ్చేసరికి "లో". ఊరికే మారిందంటారా?

కందం: ఊరికే మారలేదు, క్రియను బట్టి మారింది. పొడవడానికీ చూపడానికీ కర్మ కావాలి, ద్వితీయ వచ్చింది. ఉంచడానికి చోటు కావాలి, సప్తమి వచ్చింది. పైగా గ్రీకు మూలంలో ఉన్న "ఏయిస్" లోపలికి సాగే కదలికను చెప్పే మాట. లాటిన్‌లోనూ "ఇన్ లాటుస్ మేయుమ్". మన అనువాదకులు కొత్తగా కల్పించినదేమీ లేదు.

పాఠభేది: కందం గారూ, "లోన్, లోపలన్" షష్ఠి. సప్తమికి "అందున్, నన్". బడిలో అందరం వల్లించిందే. ఆ అనువాదకులకు "అందు" అంటే మొహమాటం కూడా లేదు: "దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెను". "ప్రక్కయందు" అనగలిగినవారు "ప్రక్కలో" అన్నారంటే, ఆ మాటకు లోతు కావాలనే అన్నారు.

కందం: షష్ఠి అన్నా సప్తమి అన్నా గాయం లోతు మారదు లెండి.

రాత్రిపక్షి: ఇంతమంది ఉండి "పక్కలో బల్లెం" ఎవరికీ తట్టలేదా? అక్కడ "పక్కలో" అంటే డొక్కలో అని ఎవరూ అనుకోరు. చేరువలో పొంచి ఉన్న ముప్పు అనే అర్థం. బిడ్డను పక్కలో వేసుకుంది అన్నా అంతే, ఒంటికి ఆనించుకుంది అని. కాబట్టి "ప్రక్కలో ఉంచి" అంటే గాయంలో దూర్చమని కాక, దాని మీద ఆనించమని చదువుకోవడానికి తెలుగు అడ్డురాదు. ఫ్లోరెన్స్‌లో ఓర్సాన్‌మికేలే చర్చి గోడ గూటికి శిల్పి వెరోక్కియో పోతపోసిన కంచు విగ్రహాలు (1467–83) చూడండి. ప్రభువు ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో వస్త్రం తొలగించాడు. తోమా చెయ్యి గాయం దాకా వెళ్లి ఆగింది. పాదం మాత్రం గూటి అంచు దాటి బయటికి వచ్చేసింది! నమ్మకానికీ అనుమానానికీ మధ్య నిలబడ్డవాడిని అంతకన్నా ఎలా చూపిస్తారు?

మునిమాపు: రాత్రిపక్షి గారి "ఆనించడం" బాగుంది కానీ, తోమా ముట్టుకున్నాడని కూడా సువార్త చెప్పదు. 27లో పిలుపు, 28లో "నా ప్రభువా, నా దేవా". మధ్యలో జరిగినది మనకు వదిలేశారు. కరవాజ్జోలో వేలు తనంతట కదలడం లేదు. ప్రభువే మణికట్టు పట్టుకుని నడిపిస్తున్నాడు. తోమా నుదుటి మడతలూ, భుజం దగ్గర విడిపోయిన కుట్టూ చూసి చూసి, చివరికి ఆ పట్టు దగ్గరే ఆగుతాను. నన్నూ అలా లాక్కుంటాడనిపిస్తుంది. అయితే 29లో "చూడక నమ్మినవారు ధన్యులు" అని ఉంది కదా. బొమ్మ ముందు కూర్చునేవాళ్లకు అది కాస్త ఇబ్బందికరమైన వచనమే.

అరసున్న: ఇబ్బంది దేనికి? 787లో నీకయాలో కూడిన క్రైస్తవ మహాసభ పటానికి గౌరవ వందనం, దేవునికే ఆరాధన అని గీత గీసింది. (ఆ గీత ఒప్పుకోని సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి, అది వేరే పేచీ.) అన్నట్టు, గ్రీకులో రాయడానికీ బొమ్మ వేయడానికీ ఒకే క్రియ. మన పాత తెలుగులోనూ చిత్తరువు "వ్రాసేవారు". కాబట్టి మీరు చేస్తున్నదీ ఒక రకంగా చదవడమే.

కందం: వ్యాకరణం చాలు, ఆ చిత్రంలో చీకటి చూడండి. వెనుక గోడ లేదు. "తలుపులు మూయబడియుండగా" వచ్చాడన్నారే, ఆ తలుపులూ లేవు. తల వెనుక తేజోవలయం లేదు. నాలుగు తలలు ఒకచోట ఒరిగి ఉన్నాయి, అంతే. నాకు వెంటనే పోతనే గుర్తొస్తాడు:

లోకంబులు లోకేశులు
లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

"అలోకంబగు పెంజీకటి" అనగలిగిన నోరు ఒక్కటే! మీ "లో" తగవు కూడా ఇందులో ఉంది, మూడుసార్లు లోక శబ్దం చెప్పి నాలుగోసారి "అ" చేర్చి తుడిచేశాడు.

పాఠభేది: పద్యం గొప్పదే, పోలిక కుదరలేదు. పోతన దేవుడు చీకటికి అవ్వల. కరవాజ్జో క్రీస్తు చీకటికి ఇవతల, ముట్టుకోగలిగేంత దగ్గర. ఆ పద్యానికి బొమ్మ కావాలంటే డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1634లో వేసిన తోమాను చూడండి, మాస్కో పుష్కిన్ మ్యూజియంలో ఉంది. వెలుగు క్రీస్తు ఒంటి నుంచే వస్తుంది. తోమా వేలు పెట్టడం అటుంచి, వెనక్కి తూలిపోతున్నాడు. అక్కడ "లో"తో పనే లేదు.

మునిమాపు: ఇంతకీ "ప్రక్కలో"...

రాత్రిపక్షి: ఒక్క నిమిషం. కందం గారూ, నాలుగో పాదం "ఏ యాకృతి" అని విన్నట్టు గుర్తు. ఏ ఆకారంలో వెలుగుతాడో అతనిని అని. అదే సబబు కదా?

కందం: ప్రాస ఏమైపోవాలి? మొదటి మూడు పాదాల్లోనూ రెండో అక్షరం "క". "డేయాకృతి" అంటే కందం అక్కడే కూలుతుంది.

పాఠభేది: ప్రాస సరే. "ఏకాకృతి" అంటే ఒకే ఆకృతి అనా, ఒంటరి ఆకృతి అనా? తొందరపడి జవాబు చెప్పకండి, రెండో పాదంలో "దెగిన" ఉంది.