మామిడి తోటలో డ్రిప్ పైపులు పరచడానికి ఏ కాలం అనువైనది?

హోసకోట తోట (ప్రశ్న)
నమస్కారం. మేము బెంగళూరులో కె.ఆర్. పురం వైపు ఉంటున్నాము. హోసకోట దాటిన తరువాత మా మామగారికి ఎర్రనేలలో కాపుకొచ్చిన మామిడి తోట ఉంది. బంగినపల్లి, తోతాపురి చెట్లు కలిసి ఉన్నాయి. ఇన్నాళ్లు బోరు నీటిని కాలువ తీసి పాదులకు పారించేవారు. బోరు తగ్గిపోతున్నందున ఈ ఏడాది డ్రిప్ వేయించాలని నిశ్చయించుకున్నాము. నేల మెత్తబడే జూన్, జూలై నెలల్లోనే పని మొత్తం ముగించాలని మేస్త్రీ పట్టుబడుతున్నాడు. మామగారేమో, పిందె పడి నీరు అవసరమైనప్పుడు పరచుకుంటే చాలునని, అప్పటి దాకా పైపులను ఎలుకల పాలు చేయడం ఎందుకని అంటున్నారు. ఎవరి మాట వినాలో, ఎందువల్లనో తెలిసినవారు వివరించగలరు.

శ్రీనివాసపుర రైతు
మీ మామగారి మాటలోనూ మేస్త్రీ మాటలోనూ కొంత నిజముంది. అయితే ఇద్దరూ దీనిని ఒకే పనిగా చూస్తున్నారు. బోరు నుండి నీరు తెచ్చే మెయిన్, దానిని వరుసలకు పంచే సబ్‌మెయిన్ అనే పీవీసీ పైపులను భూమిలో పూడ్చడానికి ఒక కాలం, చెట్ల వరుసల వెంట నేల మీద పరిచే సన్నని 16 ఎంఎం పైపులకు, అంటే లేటరళ్లకు, మరొక కాలం అనుకూలిస్తాయి.

బెంగళూరు ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే వాన ఎక్కువ. ఆ వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరులో, ఎర్రనేల గడ్డపారకు లొంగేటంత తడితో ఉంటుంది. జనవరి నాటికి అదే నేల గట్టిపడి కూలీ ఖర్చు పెంచుతుంది. దుక్కి నాగలికి అందనంత లోతుగా, సుమారు రెండడుగులు, గాడి తీసి పైపులు పూడ్చడానికి నవంబరును మించిన నెల లేదు. జూన్, జూలైలలో పూడ్చినా తప్పు కాదు కాని, అప్పటికి తోతాపురి కోత పూర్తి కాదు. కోత అయ్యాక కొమ్మల కత్తిరింపు, ఆపై దున్నకం ఉంటాయి. అప్పుడే లేటరళ్లు కూడా పరిచారంటే అవి ట్రాక్టరు చక్రాల కింద నలగడం ఖాయం. జూన్, జూలై అన్నది మేస్త్రీకి చేతిలో వేరే పని లేని కాలమేమో కూడా కనుక్కోండి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి పూతకు సంబంధించినది. వానలు వెళ్లిన నాటి నుండి పూత బయటపడే వరకు మామిడిని ఎండగట్టాలి. ఆ రెండు మూడు నెలలలో నీరు తగిలితే పూతకు బదులు కొత్త చిగురు వస్తుంది. డ్రిప్ సిద్ధంగా ఉన్న తోటలో, నీళ్లున్నాయి కదా అని వాల్వు తిప్పకుండా ఉండడం చాలామందికి కష్టం. అందువల్ల లేటరళ్లను డిసెంబరు చివర పరచి, చివరి మూతలు (ఎండ్ క్యాపులు) తీసి కొద్ది నిమిషాలు మాత్రం నీరు వదిలి, పీవీసీ పొట్టు, మట్టి కొట్టుకుపోయాక కట్టేయండి. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతే అసలు తడి మొదలుపెట్టాలి. మీ మామగారు చెప్పినట్టు అప్పటి దాకా పని ఆపితే, కిందికి వాలిన కొమ్మల మధ్య పైపులు లాగడంలో పూత, పిందె రాలతాయి. లేటరల్ సబ్‌మెయిన్‌ను కలిసే చోట ఉండే రబ్బరు రింగు (గ్రొమెట్) కారుతున్నదని, ఫిల్టరు సరిపోలేదని తెలిసే సరికి చెట్టు నీటి కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

తిరువళ్లూరు పక్క
పై లెక్క మీ ఎత్తైన ప్రాంతానికి సరిపోతుంది. చెన్నై చుట్టుపక్కల తోటలున్నవారు దానిని యథాతథంగా తీసుకోవద్దని మనవి. ఇక్కడ ఏడాదికి పడే సుమారు 1400 మిల్లీమీటర్లలో అధిక భాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే, ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. నవంబరులో గాడి తీస్తే అది చెరువవుతుంది. మేము గాడి పని ఈశాన్య వానలకు ముందే, ఆగస్టు, సెప్టెంబరులలో ముగించుకుంటాము.

రోజులో ఏ వేళ పరచాలన్నది కూడా చూసుకోవాలి. లేటరల్ ప్లాస్టిక్ వేడికి సాగి, చలికి ముడుచుకుంటుంది. 20 డిగ్రీల తేడాకే నూరు మీటర్ల పైపు సుమారు 40 సెంటీమీటర్లు మారుతుంది. మధ్యాహ్నపు ఎండలో బిగుతుగా లాగి కట్టిన పైపు తెల్లవారుజాము చలికి ముడుచుకొని, సబ్‌మెయిన్‌కు దానిని కలిపే టేకాఫ్ అనే అతుకు నుండి ఊడి వస్తుంది. కాబట్టి ఎండ తగిలి చుట్ట మెత్తబడ్డాక విప్పి, కొంచెం వంకరగా, వదులుగా పరచి, ఒక రాత్రి సర్దుకున్న తరువాత బొట్టుబొట్టుగా నీరు వదిలే డ్రిప్పర్లకు రంధ్రాలు వేయించండి.

హోసకోట తోట
ఇద్దరికీ ధన్యవాదాలు. గాడి పని నవంబరుకు, లేటరళ్లు డిసెంబరు చివరకు నిర్ణయించుకుంటాము. సబ్సిడీ దరఖాస్తుకు కూడా కాలమేమైనా ఉందా? ఎలుకల సంగతి కూడా చెప్పగలరు.

శ్రీనివాసపుర రైతు
2015లో కేంద్రం కృషి సించాయి యోజనలో మొదలుపెట్టి, 2022 నుండి రాష్ట్రీయ కృషి వికాస యోజనలో నడుపుతున్న ‘పర్ డ్రాప్ మోర్ క్రాప్’ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగిలినవారికి 45 శాతం సాయం ఉంటుంది. దానిపై రాష్ట్రం తన వంతు కలుపుతుంది. సరుకు కొనకముందే తాలూకా తోటల శాఖ కార్యాలయంలో అనుమతి తీసుకోండి. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలవగానే దరఖాస్తు పెడితే నవంబరు పనికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

ఎలుకలు, ఉడతలు ఎక్కువగా నీటి కోసమే పైపు కొరుకుతాయి. తోటలో అక్కడక్కడ మట్టి మూకుళ్లలో నీరు పెడితే కొంత తగ్గుతుంది. కోతకు ముందు తడి ఆపిన వెంటనే లేటరళ్లను వరుసకొక చుట్టగా చుట్టి, ఏ వరుసదో చీటీ కట్టి, షెడ్డులో దూలానికి వేలాడదీయండి. కోత, కత్తిరింపు, దున్నకం ముగిసి మళ్లీ డిసెంబరు వచ్చే దాకా వాటికి తోటలో పని లేదు.