ఫైలు ఆన్‌లైన్ అయితే లంచం ఆగుతుందా?

పాత ఆడిటర్:
స్థానిక సంస్థల్లో సేవలన్నీ ఆన్‌లైన్ చేసేస్తే అవినీతి దానంతటదే పోతుందని తెగ చెబుతున్నారు. నాకు నమ్మకం లేదు. దరఖాస్తు కంప్యూటర్లో పెట్టినా ఓకే కొట్టేది మనిషే. ఎవరి ఫైలు ముందు కదలాలో అతని ఇష్టమైనంత కాలం చెయ్యి తడపక తప్పదు.

చుక్కాని:
ఆ ఇష్టాన్నే తీసేయొచ్చు కదండీ. కర్ణాటకలో 2001లో భూ రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించే ‘భూమి’ ప్రాజెక్టు వచ్చినప్పుడు మ్యుటేషన్ (రికార్డులో యజమాని పేరు మార్పు) దరఖాస్తులకు సాఫ్ట్‌వేరే వరుస కట్టింది. ముందొచ్చినది ముందే తేల్చాలి, వెనకదాన్ని పైకి లాగడం కుదరదు. సియోల్ నగరపాలక సంస్థ 1999లోనే ‘ఓపెన్’ అనే వ్యవస్థ పెట్టి, అనుమతుల దరఖాస్తు ఏ అధికారి దగ్గర, ఏ దశలో ఉందో జనం నెట్‌లో చూసుకునేలా చేసింది.

పాత ఆడిటర్:
వరుస సరే. ‘జతచేసిన పత్రం స్పష్టంగా లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపితే? సరిచేసి పెడితే ఈసారి ఇంకో కొర్రీ. విసుగెత్తి దళారీ దగ్గరికి వెళ్తే అదే పత్రం మర్నాటికి స్పష్టంగా కనిపిస్తుంది! సర్వర్ డౌన్ సాకు ఎలాగూ ఉంది.

చుక్కాని:
కొర్రీల మాట నిజమే. అందుకే అభ్యంతరాలన్నీ ఒకేసారి చెప్పాలి, గడువు దాటితే ఫైలు పై అధికారికి వెళ్లిపోవాలి, ఎవరెన్ని తిప్పి పంపారో అందరికీ కనపడాలి. ఈ మూడూ లేని పోర్టల్ ఉత్త పోస్టుడబ్బా.

గళ్ళనోటు:
మీరిద్దరూ సర్టిఫికెట్ల దగ్గరే ఆగిపోయారు. పెద్ద డబ్బు టెండర్లలో ఉంది. ఉక్రెయిన్‌లో 2016లో ప్రభుత్వ కొనుగోళ్లు ‘ప్రోజోరో’ అనే ఆన్‌లైన్ టెండర్ల వ్యవస్థలో పెట్టడం తప్పనిసరి చేశారు. వేలం ముగిశాక ఓడినవాళ్ల బిడ్లు కూడా ఎవరైనా చూడొచ్చు.

పాత ఆడిటర్:
అక్కడా పనిని ముక్కలు చేసి, టెండర్ అక్కర్లేని పరిమితి లోపల ఇచ్చేసిన ఉదాహరణలున్నాయి గళ్ళనోటు గారూ.

గళ్ళనోటు:
ఉన్నాయి, కానీ దొరికిపోతాయి కూడా. ఒకే రోడ్డు, ఒకే కాంట్రాక్టరు, వారంలో నాలుగు బిల్లులు, నాలుగూ పరిమితికి కాస్త కిందే. కాగితాల కట్టల్లో దీన్ని పట్టాలంటే మీలాంటి ఆడిటర్ రావాలి. డేటా బయట పెడితే కాలేజీ కుర్రాడు చాలు.

పాత ఆడిటర్:
కుర్రాడు పడతాడు, ఒప్పుకున్నా. ఆ తర్వాత ఫిర్యాదు ఎవరికి వెళ్తుంది? ఆ బిల్లు పాస్ చేసిన ఆఫీసుకేనా?