ఉప్పలపాడు పక్షులు, సోలార్, సుబాబుల్ తోటలు: అసలు దేనివల్ల ఏం పోతోంది?

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ నమస్తే అండి. మొన్న ఆదివారం పిల్లలతో ఉప్పలపాడు వెళ్లొచ్చాం, చెరువులో తుమ్మ చెట్ల నిండా గూడబాతులు, రంగు కొంగలు, రెండు కళ్లూ చాల్లేదనుకోండి. మా అమ్మాయి జువాలజీ చదువుతోంది, ఊరోళ్లు చెరువు కాపాడుకుంటున్నారు సరే నాన్నా, ఇవి మేతకెళ్లే పొలాలూ కుంటలూ అన్నీ వెంచర్లైతే ఏం తింటాయి అంది. నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ పక్షులూ జంతువులూ పోయేది ఎండలు ముదరడం వల్లే, సోలార్ పెట్టి మొక్కలు నాటితే రెండూ సర్దుకుంటాయి అనుకున్నా. నిజమేనా?

సింగ్‌నగర్, విజయవాడ:
సగమే నిజం అండి. 2019లో ఐపీబీఈఎస్ అని ప్రపంచ దేశాల సైంటిస్టుల రిపోర్టు వచ్చింది, సుమారు 10 లక్షల జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని, నేల మీదా మంచినీళ్లలోనూ ఇప్పటిదాకా ఎక్కువ దెబ్బ కొట్టింది భూమి వాడకం మారడమేనని అందులో చెప్పారు, వాతావరణం మారడం దానికన్నా కిందే, కానీ వేగంగా పైకొస్తోంది. మా అమ్మమ్మోళ్లది కొల్లేరు పక్క ఊరు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ అని చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపొచ్చింది, అయినా చేపల చెరువుల గట్లు లేస్తూనే ఉన్నాయి, 2006లో ఆపరేషన్ కొల్లేరని గట్లు కొట్టేశారు, తర్వాత మళ్లీ లేచాయి. చెరువులున్నోళ్లనీ తిట్టలేను, వరి మునిగిపోతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. కానీ మా బుడమేరు వాగు వెళ్లి కలిసేది కొల్లేరులోనే కదా, 2024 సెప్టెంబర్‌లో మా ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. వాన ఎక్కువ పడింది, వాగుకి దారీ ఇరుకైపోయింది, వీటిని విడదీసి చూడలేం.

నరసరావుపేట:
మొక్కలు నాటడం గురించి ఒక మాట అన్నా. అడవుల సర్వే లెక్కలో ఒక హెక్టారు పైన ఉండి 10 శాతం నీడ ఉంటే చాలు, అది ఎవరిదైనా, ఏ చెట్టైనా అడవి కవర్ కిందే రాస్తారు. అంటే మా సుబాబుల్ తోట కూడా అడవే, మూణ్ణాలుగేళ్లకి పేపర్ మిల్లుకి నరికేస్తాం మరి. 2030కల్లా చెట్లతో 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ అదనంగా పీల్పిస్తామని మన దేశం మాటిచ్చింది, మంచిదే, కానీ ఆ లెక్కకోసం గడ్డి బీళ్లలో ఒకటే రకం చెట్లు నాటితే అక్కడ గూడుకట్టే పిట్టలేమవ్వాలి? బంజరు అని కాగితం మీద రాసినంత మాత్రాన అక్కడ ఏమీ బతకట్లేదని కాదు కదా.

పటమట, విజయవాడ:
నేను సోలార్ ఫీల్డ్‌లోనే పనిచేస్తాను, అందుకే చెప్తున్నా, సోలార్ వద్దంటే మిగిలేది బొగ్గు, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిద మనకి తెలిసిందే. ఎక్కడ పెడుతున్నాం అన్నదే గొడవంతా. కర్నూలు వైపు రోళ్లపాడు బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యం, ఆ పిట్టలు దేశం మొత్తమ్మీద 150 దాకా మిగిలాయంటున్నారు, ఎక్కువ రాజస్థాన్‌లోనే. సోలార్ కరెంటు మోసుకెళ్లే లైన్లు ఆ బీళ్ల మీదుగానే పోతాయి, దానికి ఎదురుగా ఉన్న వైరు సరిగా కనపడదు, బరువైన పిట్ట, పక్కకి తిరిగేలోపే గుద్దుకుంటుంది. 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో లైన్లు భూమిలోంచి వెయ్యమంది, 2024లో కరెంటు అవసరం కూడా చూడాలని ఆ ఆర్డర్ సడలించి కమిటీ వేసింది. నా మటుకు నాకు ఇళ్ల మీదా గోడౌన్ల మీదా కాలవల మీదా ముందు నింపాలి, బీళ్ల జోలికి తర్వాత.

రెండూ కలిసొచ్చేది కావాలంటే మన నిజాంపట్నం మడ అడవులు చూడండి. బురదలో కార్బన్ దాస్తాయి, తుపాను అలని మెత్తబరుస్తాయి, చేపలు పట్టుకు తినే బావురుపిల్లికి ఇల్లు. రొయ్యల చెరువుల కోసం కొట్టినచోట ఆ మూడూ ఒకేసారి పోయాయి.

బ్రాడీపేట, గుంటూరు:
చాలా థ్యాంక్స్ అండి, అమ్మాయికి చదివి వినిపించా, సెమినార్‌కి కొల్లేరే తీసుకుంటానంది. పక్షులు చూడాలంటే ఎప్పుడు రావాలి?

సింగ్‌నగర్, విజయవాడ:
నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు అండి. కైకలూరులో దిగితే కొల్లేరు పక్షుల కేంద్రం ఆటపాక దగ్గరే, పొద్దున్నే వెళ్లండి. చెరువుల గట్ల మీద కూడా కాసేపు నడిపించండి పాపని, రెండూ చూస్తేనే తెలుస్తుంది.