ఇంట్లో తీసిన ఫొటో ప్రింట్లు ఎన్నాళ్లు నిలుస్తున్నాయి? మీ అనుభవం చెప్పండి

కాకినాడ_కుర్రాడు:
నాన్నమ్మ ఫొటో 2019లో మా ట్యాంకు ప్రింటర్‌లోనే తీశాను. 180 జీఎస్‌ఎం గ్లాసీ పేపరు, బయట దొరికే చవక ఇంకు. హాల్లో పెట్టాం, అక్కడ ఎండ పడదు. నిన్న దుమ్ము తుడుద్దామని దించితే మొహమంతా నారింజ రంగు! చిలకాకుపచ్చ పట్టుచీర కాస్తా పసుపు చీరైంది. ఫ్రేము అంచు కింద దాగిన సన్నటి గీతలో మాత్రం చీర అసలు రంగు అలాగే ఉంది. అది చూశాక ప్రాణం ఉసూరుమంది. ఈసారి 270 జీఎస్‌ఎం కొంటే సరిపోతుందా?

తెనాలి_స్టూడియో:
జీఎస్‌ఎం అంటే కాగితం బరువే తమ్ముడూ, రంగుకీ దానికీ సంబంధం లేదు. ఫ్రేముకి అద్దం ఉందా?

కాకినాడ_కుర్రాడు:
లేదన్నా. ఇల్లు మారినప్పుడు పగిలింది, మళ్లీ వేయించలేదు.

తెనాలి_స్టూడియో:
అదీ సంగతి. తీయగానే ఆరిపోయే గ్లాసీ పేపర్లు ఎక్కువగా మైక్రోపోరస్ రకం. పైన సిలికా లాంటి పొడి పూత, దాన్నిండా కంటికి ఆనని రంధ్రాలు. ఇంకు చటుక్కున పీలుస్తాయి. కానీ ఆ రంధ్రాలు ఎప్పటికీ తెరిచే ఉంటాయి, గాలిలోని ఓజోన్ వాయువు వాటిలోకి దూరి డై ఇంకుని (రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండే రకం) తినేస్తుంది. ఎక్కువగా ముందు పోయేది సయాన్, అంటే లేత నీలం ఇంకు. అది పోతే మిగిలేది మెజెంటా (ముదురు గులాబీ), పసుపు. మొహం నారింజ కాక ఏమవుతుంది! 2000లో అమెరికాలో పేరున్న కంపెనీ ప్రింట్లకే ఈ రోగం వచ్చి పెద్ద గొడవైంది. నీ తప్పేం లేదు.

హైదరాబాద్_హాబీ:
నేను ఒకే ఫొటో రెండు తీసి కిటికీ పక్కన మూడేళ్లు ఉంచాను. డై ఇంకుది వెలిసింది. పిగ్మెంట్ ఇంకుతో (కరగని సన్నటి రంగు పొడి ఉండే రకం) మెరుపులేని కాటన్ మ్యాట్ పేపరు మీద తీసిందాంట్లో తేడా నా కంటికి తెలియలేదు. అయితే పిగ్మెంట్ ప్రింటు పైన గోరు తగిలినా గీత పడుతుంది, జాగ్రత్త. మరీ పాలలా తెల్లగా ఉన్న పేపరు కూడా వద్దు. దాంట్లో తెలుపు కోసం కలిపే రసాయనం శక్తి తగ్గేకొద్దీ కాగితం పసుపెక్కుతుంది.

ప్యాకెట్ మీద వందేళ్లు అని ఉంటే ఏ వెలుతురు లెక్కన అన్నారో చూడండి. ప్రింట్ల మన్నిక పరీక్షించే విల్‌హెల్మ్ సంస్థ రోజుకి 12 గంటలు, 450 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) అనుకుని లెక్కిస్తుంది. కొడాక్ 120 లక్స్ పట్టుకుంది. అదే ప్రింటుకి ఏళ్లు దాదాపు నాలుగింతలు పెరిగిపోతాయి!

విశాఖ_తీరం:
అద్దం వేయించండి గానీ ఫొటోకి ఆనించొద్దు. మా పెళ్లి ఫొటో రెండు వానాకాలాలకే అద్దానికి అతుక్కుంది. లాగబోతే అమ్మ చెయ్యి దగ్గర పూత ఊడొచ్చింది, ఇప్పటికీ బాధే. అతుక్కుంటే అస్సలు లాగకండి, అద్దం మీదుగానే స్కాన్ చేసుకోండి. ఫొటోకీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టమంటే ఫ్రేములవాళ్లే పెడతారు. ప్రింటు మీద మామూలు తెల్ల కాగితం కప్పి ఒక రోజు ఆరనిచ్చాకే ఫ్రేము కట్టించాలి, లేదంటే అద్దం లోపల పొగలా పడుతుంది. ఆల్బంలో పెట్టేటట్టయితే వాసనొచ్చే పీవీసీ కవర్లు మానేసి పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి.

కాకినాడ_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. ఫైలు పాత హార్డ్‌డిస్క్‌లో దొరికింది, రాత్రంతా దాని టెన్షనే. పిగ్మెంట్ ప్రింటుకి ఇచ్చాను, మౌంట్ బోర్డుతో. పాతది పారేయబుద్ధి కాలేదు, కవర్లో పెట్టి బీరువాలో దాచాను. కొత్తది రాగానే ఆ అంచు గీత పక్కన పెట్టి చీర రంగు సరిపోయిందో లేదో చూసి ఇక్కడే చెప్తాను.