సమస్యాపూరణం (ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూర్తిచేయడం; మాట్లాడేవారికి వారి ఊళ్ల పేర్లు): "గొఱ్ఱె కడుపునఁ బుట్టెను కొండయేన్గు"

పృచ్ఛకులు (నెల్లూరు): ఛందస్సు తేటగీతి. సమస్యలో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియమిత స్థానంలోని అక్షరంతో పొంతన) గొ–కొం. ఆధారం: 2023 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ నెమో మ్యూజియంలో ప్రయోగశాలలో మాంసం పెంచే సిడ్నీ కంపెనీ వౌ చూపించిన మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు) మాంసపు ఉండ. గొర్రె, ఏనుగు రెండింటికీ అన్వయం కుదరాలి.

కావలి:
మంచులోనున్న యేనుగు మాంసవర్ణ
మిచ్చు జన్యువుఁ జదివి నిర్మించి చేర్ప
గాజుపాత్రలోఁ గణకేంద్ర గర్భ మనెడి
గొఱ్ఱె కడుపునఁ బుట్టెను కొండయేన్గు

పృచ్ఛకులు: బాగుంది. రెండో పాదంలో మి–ర్మిం యతి హాయిగా పడింది. "మాంసవర్ణమిచ్చు జన్యువు" అంటే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ జన్యువు. కండకు ఎరుపు, మాంసానికి ఆ రుచి దానివల్లనే. మామత్ డీఎన్ఏ వరుసలో ఖాళీలున్న చోట ఆఫ్రికా ఏనుగు వరుసతో పూరించి, గొర్రె కండర మూలకణాల్లో పెట్టారు. కణకేంద్రాన్ని గర్భం అనడంతో "కడుపు"కు దారి దొరికింది.

ఒంగోలు:
మంచు గడ్డలో బ్రతికిన మాంస కణము
తెచ్చి పెంచిరి గాజులో వెచ్చగాను
ముప్పదేడు డిగ్రీల తాపమున నుంచ
గొఱ్ఱె కడుపునఁ బుట్టెను కొండయేన్గు

కందుకూరు: రెండో పాదంలో యతి తప్పిందని ఎవరూ తొందరపడొద్దు. తెచ్చి–వెచ్చ ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), తేటగీతికి చెల్లుతుంది. మూడో పాదంలో మాత్రం ము–ప కుదరదు. పు, బు అయితే ముకు యతి చెల్లేది, ప చెల్లదు. అంతకన్నా పెద్ద చిక్కు భావంలో ఉంది. మంచులో కణం బతికి ఉండదు, డీఎన్ఏ తునకలుగా మాత్రమే దొరుకుతుంది. పైగా ఈ పూరణలో గొర్రె ఎందుకొచ్చిందో చెప్పలేదు.

ఒంగోలు: సవరణ:
మేషకణమున నేనుగు మేళవించి
తెచ్చి పెంచిరి గాజులో వెచ్చగాను
ముప్పదేడు డిగ్రీలలో ముదిరి పెరిగి
గొఱ్ఱె కడుపునఁ బుట్టెను కొండయేన్గు

కందుకూరు: ఇప్పుడు యతి సరే, వరుస తిరగబడింది. కణాలు ముందు పెరగాలి, తర్వాతే ముదరాలి. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 10 నుంచి 20 శాతం సీరం (రక్తం నుంచి తీసిన పోషక ద్రవం) ఉన్న ద్రవంలో విభజన సాగుతుంది. గిన్నె అడుగు పూర్తిగా నిండకముందే, 60–70 శాతం దగ్గరే, వేరే గిన్నెల్లోకి పంచాలి. ఆలస్యమైతే కణాలు ఒకదానికొకటి అతుక్కుని కండనాళాలై (పొడవాటి కండర పోగులై) విభజన మానేస్తాయి. సంఖ్య చాలినన్ని అయ్యాక సీరం 2 శాతానికి దించితే అప్పుడు మనం కోరినట్టే ముదురుతాయి, అంటే కండనాళాలవుతాయి. అందుకని "మొలచి ముదిరి" అనండి. ము–మొ యతికి ఇబ్బంది లేదు.

గూడూరు: పెంచే కణాలకు సోకే మైకోప్లాస్మా అనే బాక్టీరియా సంగతి కూడా చెప్పుకోవాలి. అది సోకినా ద్రవం మసకబారదు, కణాలు నెమ్మదిస్తాయంతే. దానికి కణకవచం లేదు కనుక పెన్సిలిన్ పనిచేయదు. దాని డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష చేయకుండా పెద్ద పాత్రలోకి పోస్తే మొత్తం పారబోయాల్సిందే. ఇక నా పూరణ, క్రమాలంకారం (ప్రశ్నలకు అదే వరుసలో జవాబులు):
పల్ల జోడిపి దొర లెందుఁ బ్రభవ మందె?
ఇంత ముద్దయై యేజంతు వెదిగె మరల?
క్రమముగాఁ జెప్పు మివి రెండు కవివరేణ్య
గొఱ్ఱె కడుపునఁ బుట్టెను కొండయేన్గు

పృచ్ఛకులు: మన నెల్లూరు జాతి గొర్రెల మూడు రకాలనూ ఒక్క పాదంలో ఇమిడ్చారు, భేష్. "మందె" వరకు మొదటి ప్రశ్న, దానికి "గొఱ్ఱె కడుపునఁ బుట్టెను" జవాబు. రెండోదానికి "కొండయేన్గు". అన్వయం చక్కగా ఉంది.

కావలి: ఒక్క అభ్యంతరం. ముద్దంతా ఏనుగు కాదు. అందులోని కణాలు గొర్రెవి, మామత్‌ది ఒకే ఒక్క జన్యువు. వేల ఏళ్లుగా మనిషి తినని ప్రొటీన్, ఎవరికి ఎలర్జీ వస్తుందో తెలియదని దాన్ని ఎవరూ రుచి చూడనూ లేదు. "ముద్దయై" అంటే చదివేవాళ్లు జంతువే తిరిగొచ్చిందనుకుంటారు.

గూడూరు: ఒప్పుకుంటాను. "ఎఱుపు రంగుగా నేజంతు వెదిగె మరల?" అని మార్చాను. ఎ–ఎ యతి మునుపటి ఇ–ఎ కన్నా గట్టిది, మయోగ్లోబిన్ చేసే పనీ అదే.